పురుగు ముట్టని వంకాయలు

“చిల్లుల వంకాయలు మా నాయనకు పెడతావా అత్తా? ఆయన ఏమనుకుంటాడు?”

“పురుగు గూడా ముట్టనిది మీ నాయనకు పెట్టమంటావా పాపా?”

“అంగట్లో చూడు, ఎంత నున్నగా ఉండాయో!”

“నున్నగా ఉండేదే తినాలంటే రోలు ఉండాది గదా, కొరుక్కో పో!”

కోసిగి దగ్గరి పల్లెలో నేను కొత్త కోడలిగా ఉన్న ఆ రోజుల్లో, సేంద్రియం అనే మాట మా చెవిన పడలేదు. (పడినా, నా రెండో తరగతి చదువుకు అది నోరు తిరిగేది కాదు.) మా అత్త పెరటి తోటకు పేడ ఎరువు, పొయ్యిలో బూడిద, వేపగింజలు నానబెట్టి రుబ్బిన కషాయం, అంతే. అప్పటికీ చావని పురుగును పొద్దున్నే చేత్తో ఏరి కోళ్ళకు వేసేది. తమలపాకు తొడిమ కూడా పారేయని మనిషి. ఇప్పుడు కర్నూలులో మా మనవరాలు మందు కొట్టని వంకాయలని చిల్లులు చూసి మరీ ఏరుకొస్తుంది, ఎక్కువ ధర పోసి. నాకు మాత్రం ఆనాడు ఆ చిల్లులే పరువు తక్కువగా కనపడేవి. పెళ్ళయ్యాక మా నాయన మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. బిడ్డను మంచి ఇంట్లోనే ఇచ్చానని ఆయన నిమ్మళంగా తిరిగి పోవాలి. నా ప్రాణమంతా అందులోనే ఉంది.

మా ఆయనను బతిమాలి ఆదోని నుంచి నున్నని వంకాయలు తెప్పించాను. శనగపప్పు, నువ్వుల పొడి కూరి నేనొక కుండ, పురుగు తొలిచినంత మేర కోసేసి అత్త ఒక కుండ, గుత్తి వంకాయ వండాం. నాయన జొన్నరొట్టెతో ముందు నా కూరే నోట పెట్టుకున్నాడు. మొహం అదో రకంగా పెట్టి నీళ్ళు తాగాడు. “ఏం పాపా, కిరసనాయిలు చేత్తో వండినావా? అదేందో వాసన వస్తాంది!” అన్నాడు. నేను వాసన చూస్తే పురుగుమందు! ఆయన రెండో కూర తిని, “ఇది శానా బాగుండాది చెల్లెమ్మా, ఇంగొంచెం వెయ్యి” అన్నాడు. మా అత్త గరిటె ఆపకుండా, “ఇది నీ బిడ్డ వండిందేనన్నా. ఆ వాసనది నాది, ముసలి చేతులు గదా” అంది. మా నాయన మీసం దువ్వుకుంటూ సంతోషంగా ఊరికి పోయాడు. (ముసలి చేతులని తిట్టుకునే వయసిప్పుడు నాది. అంత మాట అనే గుండె నాకు ఉందో లేదో.)

మర్నాడు పొద్దున నేను రొట్టె చేసుకుని, మిగిలిన నా కూర ముందర పెట్టుకున్నాను. కొనుక్కొచ్చింది పారేస్తే మా అత్త ఊరుకోదని నా భయం. మొదటి ముద్ద నోటి దాకా వచ్చేసరికి కుండ ఆమె చేతిలో ఉంది. 

“దుడ్లు పోసి తెచ్చింది అత్తా!”

“దుడ్లు పోతే పోనీ. నీకేమన్నా అయితే నేను యాడ తెచ్చేది?”

పెరట్లో గుంట తీసి, కోళ్ళు కెలకకుండా లోతుగా పూడ్చింది. తర్వాత నా చేతికొక చిప్ప ఇచ్చింది. ఇద్దరం వంగ మడిలో కూర్చుని పురుగులు ఏరాం.