కార్డు ఉందని మంచమెక్కాను

"నేను మంచిగనే ఉన్న. నన్నెందుకు పండవెడ్తవ్‌రా?"

"ఒక్క రాత్రే అమ్మా. చేరితేనే ఇన్సూరెన్స్ వస్తది. ఊకె చూపిచ్చుకొని పోతే స్కానింగ్ పైసలు మనమే కట్టాలె."

"కడ్త. నడువు."

"ఏంతోని కడ్తవ్? ఇంటి అడ్వాన్స్‌తోనా?"

హైటెక్ సిటీలోని ఆ దవాఖానలో, కౌంటర్ ముందు, నేనూ నా కొడుకూ ఇట్లా తగువులాడుకున్నాం. మూసాపేటలో మేముండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. నా మోకాళ్లకు ఆ మెట్లు చేతకావడం లేదు. పక్క గల్లీలో కింది పోర్షన్ ఖాళీ అవుతుందంటే, అడ్వాన్స్ కోసం ఇంటి ఖర్చులో కోసి కోసి కూడబెట్టాను. ఇక ఇచ్చేయడమే అనుకుంటుండగా, ఆ రోజు కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. అడ్వాన్స్ మాట ఎత్తేసరికి చేరడానికి ఒప్పుకున్నాను.

ఏమైందని అడగకముందే కౌంటర్‌లో అమ్మాయి ఇన్సూరెన్సా, క్యాషా అని అడిగింది. కొడుకు కంపెనీ వాళ్లిచ్చిన కార్డు చూపించాడు. స్కానింగ్ ఎంతవుతుందని నేనడిగితే, ఏ రూం తీసుకుంటారో దాన్నిబట్టి రేటు అంది. రూం మారితే మిషన్ మారుతుందా అన్నాను. నవ్వి, నా వెనక నిలబడ్డవాళ్లను పిలిచింది.

నా చీర విప్పించి వాళ్ల గౌను తొడిగారు. గ్లాసు ఇస్తే నేనే తాగగలిగిన నీళ్లను సూది గుచ్చి నరంలోకి ఎక్కించారు. తలకొక డాక్టరు, చెవికొకరు, గుండెకొకరు వచ్చారు. ఏం తింటావని అడగడానికి ఇంకొకామె వచ్చింది. అడిగి వెళ్లినందుకు కూడా బిల్లు వేస్తారని అప్పుడు తెలియదు. స్కానింగ్‌లో ఏమీ లేదు. బీపీ గోలీ ఎక్కువైందట, సగం వేసుకోమన్నారు.

సాయంత్రం పక్కన కూర్చున్న కొడుకును, కార్డుకొక రేటు, క్యాష్‌కొక రేటు ఎందుకురా అని అడిగాను. దవాఖానవాళ్లు రాసినదాంట్లో ఇన్సూరెన్స్ వాళ్లు కోత పెడతారట, ఇచ్చేదీ ఆలస్యంగా ఇస్తారట. అందుకని వీళ్లు ముందే పెంచి రాస్తారు. పెంచారని వాళ్లు ఇంకా కోస్తారు. బేరమాడతామని తెలిసి కూరగాయల మనిషి ధర పెంచి చెప్పడం నేనెరుగుదును. అక్కడ నచ్చకపోతే సంచి పట్టుకుని లేచి వస్తాను. ఇక్కడ బేరం వాళ్లూ వాళ్లూ ఆడుకుంటారు, మంచం మీదున్న మనిషికి ధర కూడా చెప్పరు.

"మరి ఇన్సూరెన్సోళ్లకు పైసలెక్కడియిరా?"

"కంపెనీ కడ్తదమ్మా. నీ పేరు పెట్టినందుకు నా జీతంల కట్ చేస్తరు. ఈసారి ఇంకింత పెంచిన్రు."

"అంటే నీ జీతమే చుట్టు తిరిగి ఈడికొచ్చిందన్నట్టు."



తెల్లారి ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు వచ్చింది. ఉత్త పరీక్షల కోసం చేర్చుకుంటే పైసలు ఇవ్వరట. అట్లయితే క్యాష్ రేటు వేయమని నేను కౌంటర్ దగ్గర గట్టిగా అడిగాను. కార్డు మీద చేరినవాళ్లకు మార్చడం కుదరదన్నారు. బిల్లు కట్టేదాకా డిశ్చార్జి కాగితాలు ఇచ్చేది లేదన్నారు. నా అడ్వాన్స్ డబ్బంతా కట్టినా సరిపోలేదు. మిగిలింది కొడుకు అప్పు తెచ్చి కట్టాడు. అక్కడే నిలబడి కింది పోర్షన్ ఓనరుకు ఫోన్ చేసి, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చుకొమ్మని చెప్పాడు.