నెత్తి మీది ఎరుపు

మొన్న నా కూతురు వనపర్తిలో జుట్టుకు ఎర్రరంగు వేయించుకుని వచ్చింది. ఇప్పుడు కాలేజీ పిల్లల్లో ఎవరిని చూసినా అదే రంగు. దగ్గరికి రాగానే ఆ మందు ఘాటు గుప్పుమని ముక్కుకు కొట్టింది.

నా చిన్నప్పుడు మాకు గొర్రెలుండేవి. బేరం కుదిరిన గొర్రె నెత్తిన కసాయి ఎర్రరంగు పూసి పోయేవాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, దాన్ని మా వాకిట్లోనే కోసేవాడు.

ఒకనాడు, బొంబాయికి కూలికి పోయిన మా చిన్నాయన ఇంటికొచ్చాడు. నెత్తంతా ఎరుపే! చిన్నాయనకూ బేరం కుదిరిందనుకున్నాను.

తాత అతన్ని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. కింద పడేసి, మెడ మీద మోకాలు పెట్టి, ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర తీశాడు.

"గిదేం ఏషం రా? ఊర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"ఇడువు నాయినా! ఆడ అందరు ఏస్కుంటున్నరే!"

కత్తెర చెవిని చీల్చింది. రంగు మీదుగా నెత్తురు కారింది. "చంపకు తాతా!" అని అరుస్తూ నేను తాత చెయ్యి కొరికాను. ఆయన విదిలిస్తే పోయి గోడకు కొట్టుకున్నాను.

చిన్నాయన చావలేదు. తెల్లారేసరికి చెవికి గుడ్డ చుట్టుకుని బొంబాయి బస్సెక్కాడు. తాత పోయినప్పుడు కూడా రాలేదు.

"ఎట్లుందమ్మా?" అని నా బిడ్డ గిర్రున తిరిగింది.

"మంచిగుంది" అన్నాను. నా చెయ్యి అప్పటికే దాని చెవి తడుముతోంది.