వ్యాన్‌లో పోసిన సముద్రపు నీళ్లు

నా చిన్నప్పుడు, సునామీ వచ్చి వెళ్లాక కొన్ని నెలలు, మా కుటుంబం ఒక పాత వ్యాన్‌లో కాపురముంది. మా ద్వీపంలో మిన్నీ బే తీరాన పల్లంలో ఉన్న మా ఇల్లు, దాని ముందుగదిలోని కొట్టు ఆ రోజే మునిగాయి. నేల కుంగిపోవడంతో తర్వాత కూడా పోటు వచ్చినప్పుడల్లా నీళ్లు గడప దాటి లోపలికి వచ్చేవి. సరుకు తెచ్చుకునే వ్యాన్‌ను ఆ పొద్దున నాన్న మిట్ట మీద నిలిపి ఉంచాడు కాబట్టి అదొక్కటీ మిగిలింది. లంబాలైన్‌లో తెలిసినవాళ్ల ఖాళీ స్థలంలో దాన్ని పెట్టుకుని, వెనక చెక్కలు పరిచి, కిటికీలకు అమ్మ పాత చీరలు కట్టి నలుగురం అందులోనే పడుకునేవాళ్లం. ఇళ్లు పోయినవాళ్లకు వేసిన క్యాంపు షెడ్డులో జనం మధ్య తనకు ఊపిరాడదని నాయనమ్మ అక్కడికి రానంది.

పగలు నాన్న అదే బండిలో ఓడలు ఆగే హాడో జెట్టీ నుంచి క్యాంపులకు సామాను చేరవేసేవాడు. మా ఇల్లూ అదే, మా తిండీ అదే. "ఈ బండి కూడా పోతే మనం మెయిన్‌ల్యాండ్ ఓడెక్కడమే" అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. నేను ద్వీపంలో పుట్టినదాన్ని. ఆంధ్రాను ఒక్కసారే చూశాను, అదీ జ్వరంతో. అక్కడికి వెళ్లి బతకాలన్న ఊహకే నాకు ఏడుపొచ్చింది.

ఆ వ్యాన్ రేడియేటర్ సన్నగా కారేది. రోజూ పొద్దున్నే దాన్ని నింపడం నా పని. ఇంటి పెద్ద పనేదో నాకే అప్పజెప్పారని కొంచెం పొగరు కూడా ఉండేది. అయితే మంచినీళ్లు ట్యాంకర్‌లో రావాలి, మా వంతుకు రెండు బకెట్లే వచ్చేవి. నాయనమ్మ స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. ఆవిడ అలా సర్దుకుంటుంటే బండికి సీసాలకొద్దీ మంచినీళ్లు తాగించడం నాకు పాపమనిపించింది.

అప్పుడు మా మామయ్య మాట గుర్తొచ్చింది. ఆయన అమ్మకు తమ్ముడు. దీవుల మధ్య తిరిగే ఓడలో, ఇంజిన్ రూంలో పని. వచ్చినప్పుడల్లా ఓడ కబుర్లు కథల్లా చెప్పేవాడు. అంత పెద్ద ఇంజిన్‌ను చల్లార్చేది సముద్రపు నీళ్లేనని ఒకసారి చెప్పాడు. ఓడకు పనికొచ్చినవి వ్యాన్‌కు పనికిరావా అనుకున్నాను. సాయంత్రాలు పాత ఇల్లు చూడటానికి వెళ్లే నాన్న వెంట వెళ్లి, డబ్బాతో సముద్రపు నీళ్లు తెచ్చుకునేదాన్ని. కాళ్లు కడుక్కోవడానికని చెప్పేదాన్ని. పది పన్నెండు రోజులు రేడియేటర్‌లో అవే పోశాను. మిగిలిన మంచినీళ్లతో నాయనమ్మ హాయిగా స్నానం చేసేది. నాకెంత తెలివో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక ఆదివారం మామయ్య సెలవు మీద వచ్చాడు. నాన్నా నేనూ హాడో వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని వస్తుంటే, ఎత్తు రోడ్డు మీద బండి ఉడికిపోయింది. ముందు సీట్ల మధ్య నుంచి బుసబుసా ఆవిరి. నాన్న కంగారుగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు బావా! గరం మీద ఢక్కన్ తీస్తే ముఖం కాలిపోద్ది" అని మామయ్య నాన్న చెయ్యి పట్టుకుని లాగేశాడు. అరగంట పైగా ఎవర్నీ దగ్గరకు పోనివ్వలేదు. తర్వాత తడి గోనె కప్పి, మూతను కొంచెం కొంచెంగా తిప్పి తీశాడు. పైపు అతుకుల దగ్గర తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో గీకి నాలికకు తాకించుకున్నాడు. తల తిప్పి నా వైపు చూశాడు. ఆయన అడగకముందే ఏడుస్తూ అంతా చెప్పేశాను.

నాన్న చెయ్యెత్తాడు. అంతకుముందు నన్నెప్పుడూ కొట్టి ఎరగడు. మా చేతిలో మిగిలిన ఒక్కదాన్నీ నేనే పాడుచేశానని నాకూ తెలిసిపోయింది, అందుకే పారిపోలేదు.

మామయ్య మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "కొట్టాలంటే నన్ను కొట్టు బావా. దీనికి ఆధా మాట చెప్పింది నేనే. పూరా చెప్పుంటే పిల్ల ఇలాగ చేసుండునా?"

అప్పుడు ఆ రోడ్డు పక్కనే కూర్చోబెట్టి మిగతా సగం చెప్పాడు. ఓడ ఇంజిన్ లోపల తిరిగేవి మంచినీళ్లేనట. సముద్రపు నీళ్లు వేరే గొట్టాల్లో పారుతూ ఆ మంచినీళ్ల వేడిని మాత్రం మోసుకుపోతాయి, రెండూ ఎక్కడా కలవవు. నాన్న కూడా చెయ్యి దించి విన్నాడు. ఆయనకూ ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

దారిన పోయే జీపుకు తాడు కట్టి బండిని లంబాలైన్ చేర్చారు. లోపల కడగాలంటే బోలెడు మంచినీళ్లు కావాలి. ట్యాంకర్ రాగానే మామయ్య నాతో పాటు వరుసలో నిలబడి, తన ఓడ కథ చేసిన నిర్వాకం అందరికీ తానే చెప్పాడు. జనం పగలబడి నవ్వి తలా ఒక చెంబు పోశారు. నాయనమ్మ తన బకెట్ తానే మోసుకొచ్చింది. నింపడం, వదలడం, మళ్లీ నింపడం. ప్రతిసారీ వేలు ముంచి ఉప్పుందో లేదో చూసి చెప్పే పని నాది. ఆరోసారికి ఉప్పు పోయింది. కారే చోటు పూడుకుంటుందని డ్రైవర్లు చేసే చిట్కా ప్రకారం మామయ్య అమ్మ దగ్గర గుప్పెడు పసుపు అడిగి లోపల వేశాడు. ఇంజిన్ రెండుసార్లు మొరాయించి అందుకుంది. నాన్న అక్కడే చతికిలబడి ముఖం తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున నీళ్ల సీసా మళ్లీ నా చేతికే ఇచ్చాడు. మేం ఓడెక్కలేదు, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం.

మొన్న మా అమ్మాయి కంప్యూటర్‌ను తడిగుడ్డతో శుభ్రంగా, నీళ్లు కారేలా తుడిచిపెట్టింది. నా చెయ్యి లేచింది. లేచిన చేతిని అలాగే ఆపి, ఇలా తుడవమని ఎవరు చెప్పారే అని అడిగాను. "నువ్వే కదమ్మా, దుమ్ముంటే తడిగుడ్డతో తుడవమన్నావు" అంది, కళ్లనిండా నీళ్లతో. నిజమే, నేనే చెప్పాను, అదీ సగమే. మామయ్యకు మనసులో దండం పెట్టుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మిగతా సగం చెప్పాను.