నీళ్లు తాగిన బానెట్

కార్లకు రంగులేసే మేస్త్రి నాలుగింటికి వస్తానన్నాడు. మూడున్నర దాటింది. షెడ్డులో రెండు స్టూళ్ల మీద పరిచిన కారు బానెట్ ముందు వదిన నిలబడింది.

ఆమె భర్త పోయి మూడు నెలలు. ఇది ఆయన ఇంట్లోనే అచ్చు తీసి, గాజునార పరిచి, రెసిన్ జిగురు పట్టించి చేసుకున్న కారు. ఒళ్లంతా రంగు పడింది, ఈ బానెట్ తప్ప. ఆయన చేతి చివరి పని ఇదే. దాని నిండా సూదిమొన దూరేంత సన్నని గుంటలు.

"మొటిమల మొహంలా ఉందమ్మా. రేపటికి నున్నగా చేస్తే సరే, లేదంటే రేకుది బిగించేస్తా. ఇది చెత్తలోకే" అని మేస్త్రి నిన్న తెగేసి చెప్పాడు.

వదిన తెల్లారకముందే లేచింది. గుంటల్లో దుమ్ము కనిపించింది. ఇంట్లో ఏది మురికైనా చేతికి ముందొచ్చేది బకెట్టే కదా! నీళ్లు పోసి, రుద్ది, కడిగి, తుడిచి, ఆ పైన పాత ప్లాస్టిక్ కార్డుతో పుట్టీ అదిమి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. అద్దంలా వచ్చింది.

అప్పుడొచ్చాడు మరిది, బకెట్టు చూసి నోరు తెరిచాడు.

"నీళ్లు పోశావా వదినా? గుంటలు పూడ్చకముందే? అవి లోపలికి తాగేస్తాయని అన్నయ్య చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడే! వేడెక్కితే రంగు మీద పొక్కులు లేస్తాయి."

వదిన బానెట్ మీద చెయ్యి వేసి చూసింది.

"పైకేం తెలీదులే. నువ్వు నోరు మెదపకు" అన్నాడు మరిది గొంతు తగ్గించి.

మేస్త్రి వచ్చాడు. పల్చటి గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి జరిపాడు. గుడ్డ మీదుగా తడిమితే చిన్న ఎత్తుపల్లం కూడా చేతికి తగులుతుంది. ఒకసారి ఆగాడు.

"పుట్టీ బాగా పెట్టారమ్మా" అంటూ స్ప్రే గన్ అందుకున్నాడు.

మరిది కళ్లతోనే వద్దన్నాడు. అయినా వదిన ముందుకొచ్చింది. "ఆగు మేస్త్రీ. పుట్టీ పెట్టకముందు నీళ్లతో కడిగాను."

మేస్త్రి గన్ కింద పెట్టాడు.

"రంగేసుంటే వారానికి పొక్కులొచ్చేవి, తిట్లు నాకొచ్చేవి" అన్నాడు. "మీ ఆయనా ఇంతే. తప్పు చేస్తే దాచేవాడు కాదు. పైగా గంటసేపు దాని కథంతా చెప్పి నా ప్రాణం తోడేసేవాడు."

"మరి రేకుది..." అంది వదిన.

"దానికేం తొందర? దాని తుప్పేదో అది పడుతుంటుంది. పుట్టీ అంతా గీకెయ్యండి. రెండ్రోజులు ఎండబెట్టి మళ్లీ పెట్టండి. మూడో రోజు వస్తా. ఆ బకెట్టు మాత్రం నా కంట పడకూడదు."

మరిది బకెట్టు పట్టుకుపోయాడు.

వదిన పొడి గరుకు కాగితం తీసుకుని గీకడం మొదలుపెట్టింది. తెల్లటి పొడి రాలింది. ఆయన వదిలిన గుంటలు ఒక్కొక్కటీ మళ్లీ బయటపడ్డాయి. వాటి మీద ఎండ పడేలా స్టూళ్లను వాకిట్లోకి జరిపింది.