బస్సు కిటికీలోంచి పచ్చిక

స్కూలు బస్సు నడిపే మార్లిస్‌కి ఒక కన్ను రోడ్డు మీద ఉంటే, రెండోది కంచెల అవతలి పశువుల మీద ఉంటుంది. పొట్టి మనిషి. స్టీరింగు పైకి గడ్డమెత్తి, ఎవరి మంద పచ్చిక మేస్తోందో, ఎవరిది తొట్టిలో మొక్కజొన్న మెక్కుతోందో చూసుకుంటూ పోతుంది. గడ్డి మేసిన గొడ్డుమాంసం దుకాణంలో కొని ఇంట్లో ఐదుగురికి పెట్టడం ఆమె జీతంతో అయ్యే పని కాదు. నలుగురు కలిసి రైతు దగ్గరే ఒక పశువును కొని మాంసం పంచుకుంటే చవక. అందుకే బస్సు ఆగిన చోటల్లా కిటికీ దింపి, టోపీ వెనక్కి తోసుకుని, "వాటాకి కోడె ఏమైనా ఉందా?" అని అడుగుతుంది.

ఓ ఉదయం, మనవరాలిని బస్సెక్కించడానికొచ్చిన ముసలి రైతు ఓర్విల్ తల ఊపాడు.

"ఎర్ర కోడె ఉందమ్మాయ్. పుట్టిందగ్గర్నుంచీ గడ్డే. కానీ వాటాలంటే నాకు తలనొప్పి, మొత్తంగానే ఇస్తా. మధ్యాహ్నం హోటలువాడు వస్తానన్నాడు."

"వాడికివ్వకు బాబాయ్, ఒక్క నిమిషం!" అంటూ మార్లిస్ బస్సు రేడియో అందుకుంది. "డ్రైవర్లందరూ వినండర్రా! ఓర్విల్ కోడె, నాలుగు వాటాలు. ఒకటి నాది. ఇంకెవరు?"

"నాకొకటి!"

"నాకూ!"

ఇంకో వాటా మిగిలిపోయింది. ఈలోగా డిపోలోంచి సూపర్‌వైజర్ గ్లెండా ఉరిమింది.

"మార్లిస్! ఈ రేడియో ప్రమాదాలకే అని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

రేడియో కాసేపు గరగరలాడింది.

"ఆ మిగిలిన వాటా నాది," అంది గ్లెండా. "సూప్‌కి తోక కూడా నాకే. సరేనంటే ఇదంతా నేను విననట్టే."