కుక్కపిల్లను ఇయ్యనన్న టీచరమ్మ

మా ఆయనకు షుగరు మొదలైందని వరంగల్ దవాఖానల తేలింది. డాక్టరు ఒక గోలి రాసి, పొద్దున్నే ముప్పావు గంట నడువుమన్నడు. గోలి ఆ పూటనే మింగిండు. నడకకు మాత్రం పదిహేను రోజులు గడప దాటలే. మాది తొర్రూరు. ముప్పై ఏండ్ల నుంచి స్టీలు సామాన్ల దుకాణం. బజార్ల మమ్మల్ని ఎరుగనోళ్ళు లేరు. ఆయన ఒక్కనాడు నడిచిండు. ఆ ఒక్కనాడే ఏడుగురు ఆపి, "ఏంది సేటు, షుగరా?" అని అడిగిండ్రు. ఎనిమిదో ఆయన కాకరకాయ రసం ఎట్ల తీయాల్నో చెప్పుకుంట ఇంటిదాక వచ్చిండు.

చెప్పులు విడుసుకుంట ఆయనే ఒక ఉపాయం చెప్పిండు. "చేతుల మంచి జాతి కుక్క ఉన్నదనుకో, ఎవ్వరూ రోగం అడుగరు. కుక్క ధర అడుగుతరు."

"గల్లీల గిన్ని కుక్కలున్నయి. ఒకదాన్ని మంచి చేసుకోరాదు," అన్న నేను.

"వాటితోని నడిస్తే నేను తిప్పుతున్నట్టు ఉండదు. అవి నన్ను తరుముతున్నట్టు ఉంటది."

ఆ మాట నిజమే.

అప్పటి నుంచి దుకాణంల గిరాకి లేనప్పుడల్ల ఫోన్ల కుక్కల వీడియోలు. బిందె అడుగుతే చెంబు చూపిచ్చేటంత పరధ్యానం. నెల రోజులు వెతికి లాబ్రడార్ మీద మనసు పెట్టిండు. దాని మొఖంల కోపం ఉండదట. ఇంట్ల కోపం ఉన్న మొఖాలు చాలని ఆయన ఉద్దేశం కావచ్చు. అమ్మేటామె కూడా దొరికింది. ఎక్కడనో కోనసీమల, కొబ్బరితోట నడుమ ఉంటదట. రిటైరైన టీచరమ్మ. ఫోన్ చేసి స్పీకర్ పెట్టిండు.

"మేడం, మాల్ ఉన్నదా?" అన్నడు. ముప్పై ఏండ్ల నుంచి సరుకును అట్లనే అడిగిన అలవాటు మరి.

ఆమె నిమ్మళంగ, "పిల్లలున్నాయండి. ముందు మీ గురించి చెప్పండి," అన్నది.

ఇగ అది బేరం కాలే, ఇంటర్వ్యూ అయింది. ఇంతకుముందు కుక్కను పెంచినరా, పగటిపూట ఇంట్ల ఎవరుంటరు, తోట ఉన్నదా అని ఒక్కొక్కటే అడుగుతున్నది. పెండ్లిచూపులల్ల కూడా ఆయనకు అంత చెమట పట్టలే, నేను ఎదురుంగనే ఉన్న కదా. తోట ఉన్నదని చెప్పిండు. మిద్దె మీద నాలుగు కుండీలున్నయి. అండ్ల ఒకటి తులసి.

"పిల్లకి ఏం పెడతారండి?"

"మేం తినేదే పెడుతం మేడం."

"మీరేం తింటారు?"

"పప్పు, అన్నం, చారు. శనివారం ఉప్పుడుపిండి."

"గుడ్డు పెట్టగలరా?"

మేం కోమటోళ్ళం. మా ఇంట్ల ఆ మాటే బయటికి రాదు. మా అత్తమ్మ గుడ్డు బొమ్మ అచ్చైన పేపరు మీద బియ్యం కూడా పోసి ఏరదు. మా ఆయన నా దిక్కు చూసిండు. నేను బిందెల దిక్కు చూసిన.

"చూద్దాం మేడం," అన్నడు.

ఇల్లు చూడాలె, వీడియో కాల్ చెయ్యిండ్రి అన్నది ఆమె. మధ్యాహ్నం ఇంటికి పోయి నేను ఫోను పట్టుకున్న, ఆయన ముందల నడుసుకుంట వాకిలి, వరండా, ఆ నాలుగు కుండీలు చూపిస్తున్నడు. వంటింటి కాడికి పోంగనే అత్తమ్మ బయటికొచ్చింది. మా అత్తమ్మకు డెబ్బై ఎనిమిది ఏండ్లు. గొంతుకు మాత్రం నలభై.

"ఈ ఇంట్ల కుక్క అడుగు పెట్టిన్నాడు నేను ఘనపూర్ల మా తమ్మునింటికి పోత. మళ్ళ రాను. ముందే చెప్తున్న కొడుకా."

ఫోన్ల నుంచి టీచరమ్మ అడిగింది. "ఆవిడెవరండి?"

"మా అమ్మ."

"పగలు ఇంట్లో ఉండేది ఆవిడేనా?"

"అవును మేడం."

"అయితే కుదరదండి. పిల్లని మీకు ఇవ్వలేను. ఏమీ అనుకోకండి," అని ఫోన్ పెట్టేసింది.

మూడు రోజులు మా ఆయన మనిషి మనిషిలెక్క లేడు. పైసలు చేతుల పట్టుకొని నిలబడ్డ మనిషికి సరుకు ఇయ్యనన్నోళ్ళను ఆయన జన్మల చూడలే. కుక్క పోయినందుకు కాదు, గిరాకిగ పనికిరాలేదన్నందుకు బాధ. అన్నం కాడ కూడా, "నాలోపల ఏం లోపం కనబడ్డదే ఆమెకు?" అని అడిగిండు. నేను జాబితా చదువుదామనుకొని ఆగిన.

నాలుగోనాడు ఫోన్ల ఇంకొకడు తగిలిండు. ఏ జాతి కావాలంటే ఆ జాతి పంపుతడట. ప్రశ్నలు లేవు, ఇంటర్వ్యూ లేదు. అడ్వాన్సు కొడితే పిల్లను డబ్బాల పెట్టి బస్సుల ఏస్తడట. ఫోటో పంపిండు. తెల్లగ, బొద్దుగ, చూస్తే ముద్దొస్తున్నది. కానీ ఆ పిల్ల వెనుక గోడకు ఒక పచ్చ తువ్వాల ఆరేసి ఉన్నది. నెల రోజులు ఆ వీడియోలు నేను కూడా చూసిన్నాయె. వేరే ఊరోడు, వేరే పేరు మీద పెట్టిన ఫోటోల కూడా అదే పిల్ల, అదే తువ్వాల. చూపిస్తే మా ఆయన, "తువ్వాలలు అందరిండ్లల్ల ఉంటయి," అన్నడు. అయినా అడ్వాన్సు కొట్టేముందు జర అడిగి చూద్దామని ఒప్పుకున్నడు.

కొడకండ్లల ఆయనతోని చదువుకున్న పశువుల డాక్టరు ఉన్నడు. బండి మీద పోయినం. మేం పోయేసరికి ఆయన ఒక బర్రెదూడ నోట్లె మందు పోస్తున్నడు. చేతులు కడుక్కోకుండనే మా ముచ్చట ఇన్నడు.

"తల్లిని చూడకుండ పిల్లను కొనకురా," అన్నడు. "గిట్ల డబ్బాలల్ల వచ్చినయి వారం తిరుగకముందే నెత్తురు విరేచనాలతోని నా దగ్గరికొస్తయి. మొన్న ఒకటి నా చేతులనే పానం ఇడిసింది. తెచ్చినాయన ఏడ్వలే. వారంటీ ఉంటదా అని అడిగిండు."

మా ఆయన తల వంచుకున్నడు. వారంటీ సంగతి ఆయన కూడా అడిగే మనిషే.

"ఆ టీచరమ్మ దగ్గరనే కొను," అన్నడు డాక్టరు.

"ఆమె ఇయ్యనన్నది కదా."

"అందుకే కొనుమంటున్న. నీ దుకాణంల నువ్వెన్నడన్న గిరాకిని వెనుకకు పంపినవా?"

"నాకేమన్న పిచ్చా?"

"ఆమె పంపింది. పిల్ల బాగోగులు చూసేటోళ్ళే అట్ల అంటరు. పోయి మొఖం చూపిచ్చి అడుగు."

మా ఆయన ఇంటికొచ్చి సక్కగ అత్తమ్మ ముందల కూసున్నడు. కుక్క పేరెత్తలే. "అమ్మా, కింద రాజమండ్రి గోదావరిల తానం చేసొద్దామా?" అన్నడు.

"గోదావరి మన కాళేశ్వరంల లేదా?" అన్న నేను, ఊకుండలేక.

"అది నా చిన్ననాటి నుంచి చూసిందే," అన్నది అత్తమ్మ. "మనం మునిగిన నీళ్ళు అక్కడికి పోయినంక ఎట్లుంటయో చూస్త."

మానుకోట స్టేషన్ల పొద్దటి రైలెక్కినం. రాజమండ్రిల ఒక పూట ఆగి తానం అయింది. నీళ్ళు వెడల్పుగ ఉన్నయి గానీ రుచి మనదే అని అత్తమ్మ తీర్పు చెప్పింది. అక్కడ కారు మాట్లాడుకొని కొబ్బరితోటల నడుమ నుంచి పోతుంటే, "ఇటు ఏ గుడి ఉన్నది?" అని అడిగింది. అప్పుడు చెప్పిండు మా ఆయన. ఆమె కొడుకును తిట్టినయి రాస్తే ఈ కాయితం సరిపోదు. కారు డ్రైవరుకు మా మాట సగం తెల్వకపోయినా, నవ్వు ఆపుకోలేక ఒకసారి బండి పక్కకు ఆపిండు.

టీచరమ్మ సన్నగ, పొట్టిగ, నూలు చీర కట్టుకొని ఉన్నది. చెప్పకుండ వచ్చినందుకు కోపం కాలే. కొబ్బరినీళ్ళు ఇచ్చింది. పెరట్ల ఆరు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నయి. మా ఆయన బట్టలు కరాబైతయని కూడా చూసుకోకుండ మట్టిల కూసున్నడు. యాభై ఆరేండ్ల మనిషి. నేను అట్ల ఆయన్ను ఎన్నడు చూడలే. నాకే, ఎట్లన్న చేసి ఒకటి ఇప్పిస్తే బాగుండు అనిపిచ్చింది.

అత్తమ్మ కుర్చీల కాళ్ళు పైకి ముడుసుకొని కూసున్నది. జర సేపటికి మోకాళ్ళు నొచ్చి కిందికి దించింది. అప్పటిదాక మూలకు పండుకున్న పెద్ద కుక్క ఒకటి లేశి వచ్చి, ఆమె పాదాల మీద గదుమ ఆనిచ్చి పండుకున్నది.

"ఛీ, తియ్యి దీన్ని," అన్నది అత్తమ్మ. కాళ్ళు మాత్రం తియ్యలే.

"ఈ పిల్లల తల్లండి," అన్నది టీచరమ్మ. "ఆరేళ్ళు. ఇదే ఆఖరి ఈత. ఇక ఆపేశాను."

"ఎన్ని కాన్పులు?"

"నాలుగండి."

"నాకు ఆరు," అన్నది అత్తమ్మ. కుక్కను వంగి చూసింది. "ఇగ దీనికి పని లేదా మరి?"

"లేదండి. తిని పడుకోవడమే."

"నాకెవ్వరు ఆ మాట చెప్పలే."

నేను వేరే దిక్కు చూసిన. అండ్ల నాకు కూడా కొంత వాటా ఉన్నది కదా.

టీచరమ్మ మా ఆయన దిక్కు తిరిగి చెప్పింది. "పిల్లకి రోజుకి నాలుగుసార్లు పెట్టాలి, వెంట ఒకరు తిరగాలి. మీరిద్దరూ దుకాణంలో, ఆవిడ ఒక్కరూ ఇంట్లో. పిల్లని ఇవ్వనండి. పిల్లలు పాలు మానేశాయి కాబట్టి ఈ తల్లిని ఇస్తాను, అమ్మగారు ఒప్పుకుంటే. డబ్బు వద్దు. ఆదివారం ఆదివారం ఫోన్లో నాకు చూపించండి చాలు."

మా ఆయనకు పిల్ల కావాలె. మట్టిల కూసోనే ఒక పిల్లను ఒళ్ళె పెట్టుకొని ఉన్నడు. తల్లి కుక్క దిక్కు, తన తల్లి దిక్కు చూసిండు. అత్తమ్మ కొంగుతోని ఆ కుక్క చెవి మీది ఈగను కొడుతున్నది.

"నడువుండ్రి, పొద్దు పోతున్నది," అన్నది. "దీని గిన్నె ఏదో అది కూడా ఇయ్యిండ్రి. మా ఇంట్ల గిన్నెలల్ల పెట్టను."

స్టీలు దుకాణపోని తల్లి ఆ మాట అన్నది.

ఆయన ఒళ్ళె పిల్లను దించి లేచేటప్పుడు రెండుసార్లు వెనుకకు చూసిండు. కుక్కతోని రైలు వద్దని ఆ కారునే తొర్రూరు దాక మాట్లాడుకున్నం. ఖమ్మంల చాయ తాగుదామని ఆపితే కుక్క దిగుతలేదు. "దా, దిగు," అన్నడు. చూసింది, కదల్లే. "రా, కూసో, లే," ఏం చెప్పినా అదే చూపు. టీచరమ్మకు ఫోన్ చేస్తే, "అమ్మడూ, వెళ్దాం రామ్మా, అనండి," అని చెప్పింది. అట్లనే అన్నడు. టక్కున దిగింది.

"మన మాటను సినిమాలల్ల ఇన్నేండ్లు నవ్వులాట చేసిండ్రు," అన్నడు మా ఆయన. "ఆఖరికి కుక్క కూడా లెక్కచేస్తలేదు."

ఇగ తొర్రూరు బజార్ల పొద్దున్నే మా ఆయన, "అమ్మడూ, రామ్మా, కూర్చోమ్మా," అనుకుంట పోతుంటే కూరగాయలమ్మే అక్కలు వెనుకకు తిరిగి చూస్తరు. రోగం ఎవ్వరూ అడుగరు, అది నిజమే. ఎంతకు కొన్నవని అడుగుతరు. ఊరికెనే ఇచ్చిండ్రంటే ఒక్కడు నమ్మడు. కోమటాయన అసలు ధర దాస్తున్నడని అందరి నమ్మకం. నడక కూడా అంతంతే. అమ్మడు సగం దూరం నడిచి, మిర్చిబజ్జీల బండి కాడ కూసుంటది. ఆయన నిలబడాలె.

గుడ్ల సంగతి అత్తమ్మనే తేల్చింది. అవి వెనుక గల్లీ నుంచి రావాలె, మిద్దె మీది పొయ్యి మీద ఉడకాలె, వాటిని ఆలుగడ్డలనే పిలువాలె. మొదట్ల నేను ఉడకబెట్టేదాన్ని. ఒకనాడు దుకాణంల గిరాకి ఎక్కువై ఆలస్యంగ ఇంటికి పోతే, అత్తమ్మ మిద్దె మీద ముక్కుకు కొంగు కట్టుకొని, రెండు వేళ్ళతోని పొట్టు తీస్తున్నది. నన్ను చూసి సిగ్గుపడలే. "దానికి టైమైంది. నువ్వు రాకపోతివి," అని, అది తిన్నంక తలస్నానానికి పోయింది. నేను ఆ గిన్నె కడిగిన.

ఆదివారం టీచరమ్మ ఫోన్ చేస్తది. మొదట మా ఆయన మాట్లాడేటోడు, ఇప్పుడు ఫోను అత్తమ్మ చేతులనే ఉంటది. మోకాళ్ళ నొప్పులు, కొబ్బరి ధర, మా పచ్చిపులుసు ఎట్ల చేస్తరు, గంట మాట్లాడుకుంటరు. మొదటి వారాలల్ల ఆ గొంతు ఇనంగనే అమ్మడు లేశి, ఫోను వాసన చూసి, ఫోను వెనుకకు పోయి చూసి, వాకిట్లకు ఉరికేది. ఆ నాలుగైదు సార్లు నాకు కష్టమైంది. మొన్న ఆదివారం టీచరమ్మ రెండుసార్లు, "అమ్మడూ," అని పిలిచింది. అది తోక ఊపింది గానీ అత్తమ్మ కాళ్ళ కాడి నుంచి లేవలే.

"నన్ను మర్చిపోయిందండి," అన్నది టీచరమ్మ.

"మరువలే," అన్నది అత్తమ్మ. "ఇప్పుడే తిని పండుకున్నది. జర సేపాగి పిలువు తల్లీ."