ఫొటోకి దొరకని నొప్పి

గున్వోర్ తుంటి పాడైందని మొదట కనిపెట్టింది గొర్రెల డాక్టరు.

అక్టోబరులో, కోతకి పంపే గొర్రెల్ని వేరుచేసే రోజుల్లో, ఆ డాక్టరు హాల్‌స్టైన్ ఏటా స్కార్వోయ దీవికి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నవాడు కాబట్టి మంద మొత్తం అతనికి తెలుసు. ఆ రోజు దొడ్లో చివరి గొర్రె డెక్కలు చూసి వదిలేసి, చేతులు తుడుచుకుంటూ గున్వోర్ వైపు తిరిగాడు.

"ఆ గేటు దాకా నడిచి రా."

"ఎందుకు?"

"చెప్తాగా, నడువు."

గున్వోర్ నడిచింది. వెనక్కి వచ్చేసరికి అతను తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఇదే నడక గొర్రెదైతే రేపటి పడవలో కోతకి పంపేసేవాణ్ణి."

"నా మాంసం ఎవడు తింటాడు? నమల్లేక పళ్ళూడతాయి."

"ఎన్నేళ్ళయింది?"

"ఏది?"

"నా దగ్గరా నీ వేషాలు! ఆ ఎడమ కాలు ఈడ్చడం."

గున్వోర్ లెక్కేసుకున్నట్టు సముద్రం వైపు చూసింది. "తొమ్మిదేళ్ళో ఏమో. వాన పట్టినప్పుడు కాస్త బిగుస్తుందంతే."

కాస్త కాదని ఇంట్లోకి వచ్చాక హాల్‌స్టైన్‌కి తెలిసింది. తలుపు పక్కన చీపురుకర్రకి వంచిన తీగె కట్టి ఉంది. మేజోడు తొడుక్కోవడానికి ఆమె చేసుకున్న సాధనం అది. వంగి పాదం అందుకోలేదు మరి. పైగది మెట్లెక్కడం మానేసి వంటింటి బల్ల వెనకే మంచం వేసుకుంది. కుర్చీలో కూర్చుంటే ఒక పక్కకి ఒరిగి కూర్చునేది. హాల్‌స్టైన్ కాఫీ తాగి, ఆమె వద్దంటున్నా వినకుండా, ఆమె ఫోన్ నుంచే అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి మాట్లాడి, చూపించుకునే రోజు ఖాయం చేసి వెళ్ళాడు.

గున్వోర్‌కప్పుడు డెబ్బయ్యొక్క ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి వదిలిన గొర్రెల్ని ఆమే, అక్క బోర్గిల్డూ కలిసి చూసుకునేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట అక్క ఒడ్డున ఉన్న పట్నంలో మెట్లులేని చిన్న ఫ్లాటుకి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ కిందట అక్కడే పోయింది. అప్పట్నుంచీ గున్వోర్ ఇంట్లో వినబడే రెండో గొంతు రేడియోలో వాతావరణం చదివే మనిషిదే. కాలు నొప్పెడితే "అబ్బా" అని పైకి అనడం కూడా ఆమెకి అలవాటు తప్పింది. వినేవాళ్ళుంటేనే కదా ఆ మాట నోటికొచ్చేది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఇంగున్ అనే పడుచు సర్జన్ ఆ ఫొటోని తెర మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీరు నడిచే వచ్చారా?"

"పడవలో వచ్చాను. దిగాక నడిచాను."

"నొప్పి ఎంత ఉంటుంది? అసలు లేకపోతే సున్నా, ఓర్చుకోలేనంత ఉంటే పది."

గున్వోర్ ఆలోచించింది. "మూడు."

డాక్టరు కుర్చీ తిప్పి ఆమెని పరీక్షగా చూసింది. "ఇలా చూడండి. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉండాలి. మీది పుట్టగొడుగు తలలా అణిగిపోయింది. మధ్యలో మెత్తటి పొర ఉండాలి, అది పూర్తిగా పోయింది. ఎముక మీద ఎముక రాసుకుంటోంది. ఇంతగా అరిగినవి నేను ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. మీ పేరు తీసేసి, నేర్చుకునే డాక్టర్లకి ఈ ఫొటో చూపించనా?"

"చూపించుకోండి. నాకెలాగూ పనికిరానిదేగా."

తిరుగు పడవలో కిటికీ పక్కన కూర్చుని గున్వోర్ లోలోపల పొంగిపోయింది. అంత అరిగిపోయినా మూడే అన్నాను! ఇంకొకళ్ళయితే ఊరంతా ఏకం చేసేవాళ్ళు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. పడవలో ఉన్నది కూరగాయల పెట్టెలూ, నిద్రపోతున్న కరెంటు మేస్త్రీ.

ఫిబ్రవరిలో, ఆపరేషన్‌కి రెండు వారాల ముందు, రోగులందరినీ ఒక పూట పిలిచి ఏం జరుగుతుందో చెప్పారు. పొడుగు బల్ల చుట్టూ ఏడుగురు. ఊతకర్రల మీద మెట్లెలా ఎక్కాలో, కొత్త కీలుతో ఎలా కూర్చోవాలో నర్సు చూపించింది. తర్వాత ఎవరి నొప్పి అంకె వాళ్ళని చెప్పమంది. ఆరు, ఏడు, నాలుగు. గున్వోర్ ఇక్కడా మూడే అంది. ఎదురుగా కూర్చున్న మనిషి గొంతు తగ్గించి "తొమ్మిది" అన్నాడు.

గున్వోర్ తలెత్తి చూసింది. యాభై దాటి ఉంటాయేమో, తలుపంత భుజాలు. పేరు ఐలిఫ్ అనీ, పట్నంలో బస్సు నడుపుతాడనీ అంతకుముందే చెప్పాడు. లోపలికి వచ్చినప్పుడు పెద్దగా కుంటినట్టు కూడా లేదు.

కాఫీకి లేచినప్పుడు అతనే పలకరించాడు. "మూడుకే కోయించుకుంటున్నారా మీరు?"

"ఎముక మీద ఎముకట. నాది మూడైతే నీది తొమ్మిదంటున్నావు. అసలు ఎముకంటూ మిగిలిందా నీకు?"

ఐలిఫ్ ఫోన్ తీసి తన ఎక్స్‌రే చూపించాడు. గొర్రెలు తప్ప ఏమీ తెలియని గున్వోర్‌కి కూడా తేడా కనబడింది. బంతి గుండ్రంగానే ఉంది. దానికీ, అది ఇమిడే గిన్నెలాంటి గుంటకీ మధ్య సందు కాస్త సన్నబడినా చక్కగా తెలుస్తోంది.

"ఇంతేనా?" అంది. అనుకోకుండానే నవ్వు వచ్చింది.

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "ఇంతే. ఇద్దరు డాక్టర్లు దీనికి కోత అక్కర్లేదన్నారు. వ్యాయామాలు చేయించారు, సూదులు వేశారు, రెండేళ్ళు తిప్పారు. బ్రేకు తొక్కినప్పుడల్లా కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. బండినిండా జనం. చివరికి ఈ ఇంగున్ గారు ఒప్పుకున్నారు." కాఫీ పోసుకుంటూ, "మా మారిత్ కూడా ఆ ఫొటో చూసి మీలాగే నవ్వింది," అన్నాడు.

మారిత్ అతని భార్య అని వేరే చెప్పక్కర్లేకపోయింది. గున్వోర్ కాఫీ కప్పులోకి చూసుకుంది. ఆ నవ్వు ఆమెకి పాతది. పదహారేళ్ళ కిందట అచ్చం అలాగే నవ్వింది తను.

గడ్డి కోతల రోజులవి. బోర్గిల్డ్ రెండు నెలలుగా తుంటి, తుంటి అని ఏడుస్తోంది. పట్నం వెళ్ళి ఫొటో తీయించుకుని వచ్చింది. వయసుకి తగ్గ అరుగుదలేననీ, పెద్దగా ఏమీ లేదనీ రాసిచ్చారు. మర్నాడు గడ్డి వామి దగ్గర, సాయానికొచ్చిన ఇరుగుపొరుగువాళ్ళ మధ్య, బోర్గిల్డ్ పంగలకర్ర కింద పెట్టి కూలబడింది. గున్వోర్ ఊరుకోలేదు. "ఫొటోలో లేని నొప్పి నీకెక్కణ్ణుంచి వచ్చిందే అక్కా? బద్ధకానికి తుంటని పేరు పెట్టుకున్నావా?" అంది. అందరూ నవ్వారు. బోర్గిల్డ్ బట్టలు దులుపుకుని లేచింది. మళ్ళీ ఎన్నడూ తుంటి మాట ఎత్తలేదు. అయిదేళ్ళు అలాగే పని చేసింది. వెళ్ళిపోయే రోజున రేవులో, "ఇక్కడ మెట్లెక్కువే గున్వోర్," అని మాత్రం అంది.

ఇద్దరి ఆపరేషన్లూ ఒకే రోజు పడ్డాయి. గదులు పక్కపక్కనే. నడుముకి మత్తిచ్చి గున్వోర్‌ని ఉదయమే కోశారు. సాయంత్రానికి నర్సు లేపి నాలుగు కాళ్ళ చట్రం చేతికిచ్చి నడిపించింది. గాయం మండుతోంది, కానీ లోపల రాయి మీద రాయి ఒరుసుకుంటున్నట్టుండేది, అది లేదు. ఉన్నట్టుండి లేకుండా పోయింది. గున్వోర్ నడవ మధ్యలో ఆగిపోయింది.

"కళ్ళు తిరుగుతున్నాయా?" అంది నర్సు.

"లేదు. నొప్పి ఇంత ఉండేదన్నమాట," అంది గున్వోర్.

మర్నాడు మధ్యాహ్నం ఐలిఫ్ కిటికీ దగ్గర కూర్చుని కనిపించాడు. మొహం పాలిపోయి చెమటలు కారుతున్నాయి. గున్వోర్ చట్రం నెట్టుకుంటూ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. బయట మంచు, వానా కలిసి పడుతున్నాయి.

"నీ ఫొటో చూసి నవ్వాను. నవ్వకూడదు," అంది.

"పోనీలెండి. అలవాటైపోయింది."

"అలవాటు కాకూడదు." తర్వాత అక్క సంగతి చెప్పింది. గడ్డి వామి దగ్గర అన్న మాటలు మాటకి మాట చెప్పింది. ఎవరితోనైనా చెప్పడం అదే మొదలు. ఐలిఫ్ మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"ఆవిడ వెళ్ళిపోయాక ఉత్తరాలు రాసుకునేవాళ్ళా?"

"క్రిస్మస్‌కి కార్డు పంపేదాన్ని."

"అందులో రాశారా, తప్పయిందని?"

"వాతావరణం రాసేదాన్ని," అంది గున్వోర్. "గాలి ఎటు నుంచి, మంచు ఎంత, గొర్రెలెన్ని ఈనాయి. నాకే కాలు పట్టుకున్నాక ఒకసారి రాద్దామనుకున్నాను. కానీ నేను పడుతున్నదే అసలు నొప్పి అనిపించేది. ఫొటో తీస్తే నాకు కనబడుతుంది, దానికి కనబడలేదు అనుకునేదాన్ని."

ఐలిఫ్ జేబు రుమాలు తీసి మొహం తుడుచుకుని, కిటికీ వైపు కుర్చీ కొంచెం జరుపుకున్నాడు.

మూడు నెలలకి మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేసరికి గున్వోర్ కర్ర పారేసింది. మేజోళ్ళు చేత్తో తొడుక్కుంటోంది. ఇంగున్ ఆమె చేత గదంతా నడిపించి మురిసిపోయింది. బయట కుర్చీల్లో ఐలిఫ్ ఉన్నాడు, మోకాళ్ళ మధ్య ఊతకర్ర పెట్టుకుని.

"ఎలా ఉందన్నారు?"

"ఫొటో ముచ్చటగా ఉందట," అన్నాడు. "కీలు చక్కగా అతుక్కుందట. నాకేమో లోపల ఇంకా అలాగే ఉంది. ఫొటోలో తక్కువ అరిగినవాళ్ళలో కొందరికి కోశాక కూడా నొప్పి మిగిలిపోతుందట. ఎందుకో వాళ్ళకీ పూర్తిగా తెలియదన్నారు. ఆ మాట నిజాయితీగా చెప్పింది మహాతల్లి. ఇంటికెళ్ళి ఏమని చెప్పను?"

గున్వోర్ తన ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చింది.

సెప్టెంబరులో అతను ఫోన్ చేశాడు. నొప్పికి మాత్రమే వైద్యం చేసే చోటికి పంపిస్తున్నారట. ఇంట్లోవాళ్ళని ఎవరినైనా వెంటబెట్టుకు రమ్మన్నారట. "మారిత్ రానంది. ఇంకో డాక్టరు ముందు కూర్చుని ఇదే పాట వినలేనంది. మీరొస్తారా?"

గొర్రెల్ని కొండ మీంచి దించే వారం అది. గున్వోర్ ఒక రోజు ఆలస్యమైతే మునిగేదేమీ లేదని పొద్దుటి పడవెక్కింది.

తెల్ల గడ్డం డాక్టరు కాగితాలన్నీ తిరగేసి ఆమె వైపు చూశాడు. "మీరు ఈయనకేమవుతారు?"

"ఏమీ కాను. ఆసుపత్రిలో పక్క గది."

"ఓ. మరి మీరేం చెప్పదలచుకున్నారు?"

"ఇతనికి నొప్పి ఉంది."

"మీకెలా తెలుసు?"

"చెప్పాడు కాబట్టి," అంది గున్వోర్.

డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఐలిఫ్ తల వంచుకుని బూటు కొసలు చూసుకుంటూ కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. గున్వోర్ అతని మీద చెయ్యి వెయ్యలేదు. అలాంటివి ఆమెకి చేతకావు. కదలకుండా పక్కన కూర్చుంది.

ఆ వైద్యం అతనికి కొంత పని చేసింది, కొంత చెయ్యలేదు. ఏడాది తిరిగేసరికి తొమ్మిది ఆరయింది. మళ్ళీ బస్సు నడపలేదు. డిపోలో డ్రైవర్లకి పని వేళలు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. తర్వాత తర్వాత ఆ ఫోన్లూ దూరమయ్యాయి. ఒకరి మీద ఒకరికి కోపమేమీ లేదు, కానీ చెప్పుకునేదేముంటుంది?

దీవిలో ఆ చలికాలం తూర్పు రేవు దగ్గర మిగిలిన ముసలి దంపతులు కూడా ఇల్లు మూసుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. గున్వోర్‌కి ఇప్పుడు దీవి చుట్టూ ఆగకుండా నడిచిరావడానికి గంట చాలు. పొద్దున్నే ఉడికిన బంగాళాదుంపలూ, ఉప్పు చేపా తిని బయల్దేరేది. గాలికి ఎదురు నడిచి, రాళ్ళగుట్ట ఎక్కి, అవతలి వైపు దిగేది. నొప్పెట్టిన రోజుల్లో వంటింటికీ దొడ్డికీ మధ్యే తిరిగేది కాబట్టి, దీవి ఎంత ఖాళీ అయిందో ఆమెకి తెలియలేదు. ఇప్పుడు కాళ్ళు ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తున్నాయి. చాలా రోజులు, వెళ్ళినచోటల్లా, ఎవరూ ఎదురుకాకుండానే ఇంటికొచ్చేది.